మీ లైన్ కలిసింది, మాట్లాడండి

పాఠకుల ప్రశ్నలకు ‘ట్రంక్ కాల్ అత్తమ్మ’ జవాబులు

ఎండలు తగ్గీ తగ్గకముందే కొత్తగా పట్టా పుచ్చుకున్నవాళ్ళ ఉత్తరాలు మొదలవుతాయి. ఈసారి మరీ ఎక్కువ వచ్చాయి. కరీంనగర్ టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో, దూరపు ఊళ్ళకు ఫోన్లు కలిపే ట్రంక్ ఆపరేటరుగా బతుకు మొదలుపెట్టినదాన్ని. ఏ కోర్సు చేస్తే ఎంత ప్యాకేజీ వస్తుందని నన్ను అడిగి లాభం లేదు, అలాంటి ఉత్తరాలు పక్కన పెట్టేశాను. మనుషులతో ఎలా నెట్టుకురావాలని అడిగినవాళ్ళకు మాత్రం జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మా కాలేజీ గ్రాడ్యుయేషన్ డేకి వచ్చిన ముఖ్య అతిథి గంటసేపు మాట్లాడి, చివర్లో ‘అందరితో మంచిగా ఉండండి, నవ్వుతూ బతకండి’ అన్నారు. మేమంతా చప్పట్లు కొట్టాం. వచ్చే నెల హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరుతున్నాను. మంచిగా ఉంటే నెత్తికెక్కుతారని మా అన్నయ్య అంటున్నాడు. ఎవరి మాట వినాలి అత్తయ్య గారూ?
– బీటెక్ పట్టభద్రుడు, తణుకు

జవాబు: షామియానా కింద చెమటలు కక్కుతున్న మీ అమ్మానాన్నల ముందు గంటసేపు మాట్లాడాడంటేనే ఆ పెద్దమనిషికి ఎంత దయ ఉందో తెలిసిపోతోంది బాబూ. మీ అన్నయ్య మాటా కొట్టిపారేయలేం. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు. మరి మంచిగా ఉండటం, మెత్తగా ఉండటం రెండూ ఒకటేనా? కాదని నాకు ఒక అక్క నేర్పింది. ఆవిడ మా ఎక్స్ఛేంజ్‌లో సీనియర్ ఆపరేటర్.

1980ల మాట. దసరా ముందు రోజుల్లో మా బోర్డు చూడాలి. సిరిసిల్ల చుట్టుపక్కల నుంచి భివండి మరమగ్గాల మీదికీ, సూరత్‌కీ వలసపోయిన కుటుంబాలు బోలెడు. బతుకమ్మకు వస్తున్నారా లేదా, డబ్బు పంపారా లేదా, అన్నీ ట్రంక్ కాల్ మీదే తేలాలి. 180కి ఫోన్ చేసి బుక్ చేస్తే మేం టికెట్ రాసుకునేవాళ్ళం. ఏ ఊరు, ఏ నంబరు, పీపీ కాల్ అయితే ఎవరిని పిలవాలి. పీపీ అంటే ఆ మనిషి దొరికితేనే మాట్లాడటం. భివండిలో ఏ కిరాణా కొట్టు ఫోనో ఉంటుంది. కొట్టాయన ఒక పిల్లవాణ్ణి పంపితే, వాడు గల్లీలన్నీ దాటిపోయి మగ్గం మీద ఉన్న మనిషిని లేపుకురావాలి. ఆర్డినరీ కాల్ అంటే గంటల తరబడి ఎదురుచూపు. అర్జెంట్‌కు చార్జీ రెట్టింపు, లైట్నింగ్‌కు ఎనిమిది రెట్లు. లైట్నింగ్ బుక్ అయిందంటే చావు కబురైనా అయ్యుండాలి, లేదంటే అవతల బాగా డబ్బున్న వ్యాపారైనా అయ్యుండాలి.

అప్పుడే చేరిన నాకు తెలిసింది ఒక్కటే ముక్క: ‘లైన్లు బిజీగా ఉన్నాయి, వెయిట్ చేయండి.’ మర్యాదలో లోటేమీ లేదు. ఒక సాయంత్రం అదే ముక్క మూడోసారి చెప్పేసరికి అవతలాయన అగ్గి మీద గుగ్గిలమైపోయాడు. మధ్యాహ్నం రెండింటికి బుక్ చేశాడట, మేం నిద్రపోతున్నామట, మా అందరి ఉద్యోగాలూ ఊడగొట్టిస్తాడట. పక్కన కూర్చున్న అక్క తన బోర్డు వైరు నా లైన్లో గుచ్చి, చాలా సావధానంగా మొదలుపెట్టింది. “మీ కాల్ ఎప్పుడో బయలుదేరింది సేటూ. హైదరాబాద్ కూడా దాటింది. బొంబాయి దగ్గరే రష్షు, సీటు దొరక్క నిలబడి ఉంది.” అవతల ఒక్క క్షణం చప్పుడు లేదు. తర్వాత నవ్వు వినబడింది. ఆ సందులోనే అక్క అసలు సంగతి చెప్పేసింది. “మీ ముందు పదకొండు టికెట్లున్నాయి. తొమ్మిదిన్నర లోపల లైన్ కలవదు. ఇంటికి పోయి అన్నం తినండి. అవతల కొట్టు తొమ్మిదింటికే మూసేస్తారేమో, ఇంకో నంబరుంటే ఇప్పుడే ఇవ్వండి, టికెట్ మీద రాసుకుంటాను.”

సీటు దొరకలేదన్న జోకు ఆయన కాస్త ఊపిరి తీసుకోవడానికి పనికొచ్చింది, అంతవరకే. దయ అంతా తర్వాతి మాటల్లో ఉంది. పదకొండు మంది, తొమ్మిదిన్నర, మూసేసే కొట్టు. ఆ వివరాలు చెప్పకుండా జోకు ఒక్కటే వేసి ఊరుకుంటే అది వెక్కిరింపు అయ్యేది. ఆయన నిజంగానే మా మీద కంప్లయింట్ రాసేవాడు, రాయాలి కూడా.

నీ ఆఫీసులోనూ ఇంతే బాబూ. ఎవరైనా పని అడిగితే ‘చూస్తానండీ’ అని చిరునవ్వు నవ్వడం మెత్తదనం. ‘బుధవారం మధ్యాహ్నానికి ఇస్తాను, ముందు ఇంకో రెండు పనులున్నాయి’ అనడం మంచితనం. బుధవారానికి కాదని మంగళవారం తెలిస్తే, ఆ మంగళవారమే చెప్పేయి. ఇలా ఉండేవాడి నెత్తికి ఎవరూ ఎక్కరు. ఎక్కినా ఎక్కువసేపు కూర్చోలేరు. ఈ ముక్క మీ అన్నయ్యకు చూపించు.

ప్రశ్న: డిగ్రీ అవ్వగానే పరీక్ష రాసి బ్యాంకులో క్లర్కుగా చేరాను. జగిత్యాల వైపు బ్రాంచి. తలుపు తీసేసరికే బీడీలు చేసే అవ్వలు బారులు తీరి ఉంటారు. వేలిముద్ర పడదు. ‘పైసలు పడ్డయా బిడ్డా’ అని రోజంతా అదే ప్రశ్న. రేపటి నుంచి నవ్వుతూ పనిచేయాలని రాత్రి అనుకుంటాను, పదకొండు గంటలకల్లా అరుస్తుంటాను. నేను చెడ్డదాన్నా అత్తమ్మా?
– కొత్త ఉద్యోగిని

జవాబు: చెడ్డదానివి కాదు బిడ్డా, ఆకలి మీదున్నావు. పదకొండింటికి రెండు అరటిపండ్లు తిను. ఇది నవ్వులాటకు అనడం లేదు. కౌంటర్ మీద పనిచేసేవాళ్ళ కోపంలో సగం కడుపులోనే పుడుతుంది.

ఇక ఆ వేలిముద్ర సంగతి. ఈసారి ఒక అవ్వ చెయ్యి నీ చేతిలోకి తీసుకుని చూడు. తునికాకును కత్తెరతో కోసి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, కొసలు గోటితో లోపలికి మడిచి మడిచి, ఆ వేళ్ళ కొసలు నున్నగా అయిపోయి ఉంటాయి. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. అలాంటి వేలు ఎన్ని వేలు చుట్టిందో లెక్కేసుకో. మిషన్‌లో ఎర్ర లైటు వెలగ్గానే ఆమె ఏం చేస్తుందో గమనించావా? వేలిని కొంగుకు తుడుచుకుంటుంది, తప్పు తనదే అన్నట్టు. అక్కడ నువ్వు ‘అయ్యో, ఈ మిషన్‌కు కండ్లు కనబడవు అవ్వా’ అన్నావనుకో, నవ్వుతుంది. తప్పు మిషన్ మీదికి పోయింది, నీ కోపం కూడా దాని మీదికే పోయింది.

నవ్వించి పంపేస్తే సరిపోదు మరి, పని కావాలి. తడిబట్ట ఒకటి కౌంటర్ మీద పెట్టుకో, వేలు తుడిచి పెట్టించు. బొటనవేలు పడకపోతే మిగతావి చూడు. ఆధార్‌లో పది వేళ్ళూ ఉంటాయి, చాలామంది ఒకటో రెండో చూసి వదిలేస్తారు. పెన్షనర్ల లైఫ్ సర్టిఫికెట్‌కైతే వేలిముద్రే అక్కర్లేదు, ఆండ్రాయిడ్ ఫోన్లో ముఖం చూపించి జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. 2021 నుంచీ ఆ వీలుంది. కేంద్ర సర్కారు పెన్షనర్లు నవంబర్‌లో ఇవ్వాలి, 80 దాటినవాళ్ళు అక్టోబర్ నుంచే ఇవ్వొచ్చు. బీడీ కార్మికుల పీఎఫ్ పెన్షన్ ఉంది చూడు, వాళ్ళు ఏ నెలలోనైనా ఇవ్వొచ్చు, ఏడాది చెల్లుతుంది. కాబట్టి ఎవరిది ఏ నెలతో అయిపోతుందో పాస్‌బుక్ అట్ట మీద లావు పెన్నుతో రాసివ్వు. అవ్వకు చదువు రాకపోయినా మనవడు చదువుతాడు. మంచాన పడ్డవాళ్ళను ఆటోలో మోసుకొచ్చే కొడుకులను చూస్తుంటావు కదా. 70 దాటినవాళ్ళకు ఇంటి దగ్గరే సేవలు అందించాలని రిజర్వ్ బ్యాంక్ 2017లోనే చెప్పింది. మీ మేనేజర్‌ను మర్యాదగా అడుగు, కాగితం చూపించి అడుగు.

‘పైసలు పడ్డయా’ ప్రశ్నకు నా మందు ఇది. పది గంటలకు కౌంటర్ తీసే ముందు లేచి నిలబడి, వరసలో అందరికీ వినబడేలా ఒక్కసారి చెప్పు. ఏ పెన్షన్ పడింది, ఏది పడలేదు, పడనివాళ్ళు మళ్ళీ ఏ రోజు రావాలి. బోర్డు మీద రాస్తే చదవలేనివాళ్ళకు ఎట్లా తెలుస్తుంది? గొంతు వాడు, గొంతుకు చార్జీ లేదు.

ఇంకొకటి. వాళ్ళను కూడా నీ మీద జోకులు వేయనివ్వు. ‘నీ లగ్గం ఎప్పుడు బిడ్డా’ అని ఎట్లాగూ అడుగుతారు. ‘ఈ మిషన్ నీ వేలు గుర్తుపట్టిన నాడు’ అని చెప్పు. మరుసటి నెల ఆ అవ్వే వచ్చి మిషన్‌ను తిడుతుంది, నీ తరఫున.

ప్రశ్న: శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి వచ్చి హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాను. మా టీమ్ లీడ్ మీటింగ్ మొదలైతే చాలు ‘ఏటి, ఎలగున్నావు’ అంటూ నా యాస అనుకరిస్తాడు. అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. రూముకొచ్చాక ఏడుపొస్తుంది. సరదాగా తీసుకోవాలా?
– బీఎస్సీ కంప్యూటర్స్, కొత్త ఉద్యోగిని

జవాబు: రూముకొచ్చాక ఏడుపొచ్చేది సరదా ఎలా అవుతుంది తల్లీ? ఈ విషయంలో మనిద్దరం అక్కాచెల్లెళ్ళమే. మా తెలంగాణ యాసను సినిమాల్లో ఏళ్ళ తరబడి రౌడీలకూ, కమెడియన్లకూ అప్పజెప్పారు. మీ ఉత్తరాంధ్ర యాసకు ఇంటి పనివాళ్ళ వేషాలు. నేను ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు తోటి ట్రైనీ ఒకాయన నేను నోరు తెరిస్తే చాలు, తిరిగి నా మాటే సాగదీసి వినిపించేవాడు. కొన్నాళ్ళు నవ్వాను. తర్వాత దిద్దడం మొదలుపెట్టాను. “అట్ల కాదు సార్, మీరు చివర్లో రాగం ఎక్కువ తీస్తున్నరు. మళ్ళీ అనుండి. ఊహూ, ఇంకా రాలేదు. రేపు ప్రాక్టీస్ చేసుకొని రాండి.” క్లాసు మొత్తం ఆయనను చూసి నవ్వింది. రెండు రోజులు నిజంగానే నేర్పాను. మూడో రోజు నుంచి ఆయన తన తెలుగే తాను మాట్లాడుకున్నాడు.

అనుకరించేవాళ్ళు ఎప్పుడూ తప్పుగానే అనుకరిస్తారు. దాన్ని పట్టుకో. ‘సార్, అంత సాగదీస్తే మా ఊళ్ళో మిమ్మల్ని రాజమండ్రి అనుకుంటారు’ అని నవ్వుతూనే చెప్పి, ఆ వెంటనే పనిలోకి దిగిపో. అలా అనే ధైర్యం ఇప్పుడే రాకపోతే, నవ్వడం ఒక్కటి మానేయి. ముఖం మాడ్చుకోనక్కర్లేదు, ఆయన అయ్యేదాకా ఆగి ‘చెప్పండి సార్, నిన్నటి పని సంగతి’ అను. ఎవరూ కొనకపోతే వ్యాపారి దుకాణం ఎత్తేస్తాడు. అప్పటికీ ఆగకపోతే ఆయనతో ఒంటరిగా, ఒక్క వాక్యంలో: ‘నా మాట తీరు మీద జోకులు నాకు బాగోలేదు, ఆపేయండి.’ ‘కొంచెం’, ‘ఏమనుకోకండి’ లాంటివి చేర్చకు.

మీ టీమ్‌లో ఈ పేజీ చదివేవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకొక మాట. బాబూ, మీరు ఆ పిల్ల తరఫున పోట్లాడనక్కర్లేదు. నవ్వకుండా ఉండండి, చాలు.

ఆ జోకులు యాస దాటి నీ ఒంటి మీదికో, బట్టల మీదికో, ద్వంద్వార్థాల్లోకో పోతే మాత్రం ఈ చమత్కారాలన్నీ కట్టిపెట్టు. అది పనిచేసే చోట ఆడవాళ్ళపై లైంగిక వేధింపుల్ని ఆపే 2013 చట్టం కిందికి వస్తుంది, లైంగిక ధోరణిలో వ్యాఖ్యలు చేయడం కూడా వేధింపేనని అందులో స్పష్టంగా ఉంది. పది మంది, అంతకు మించి పనిచేసే ప్రతి ఆఫీసులోనూ అంతర్గత కమిటీ ఉండి తీరాలి. చిన్న ఆఫీసైతే జిల్లాలో స్థానిక కమిటీ ఉంటుంది. జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. తేదీలు, ఎవరెవరున్నారు అన్నవి ఆ రోజుకారోజే రాసి పెట్టుకో. నవ్వుతో చక్కబడేవి కొన్ని, కాగితంతో చక్కబడేవి కొన్ని.

ప్రశ్న: ఎవరేం అడిగినా కాదనలేను. ఇప్పుడు మా టీమ్‌లో ముగ్గురి పని నేనే చేస్తున్నాను. దయగా ఉండటమంటే ఇదేనా?
– ఎంసీఏ పట్టభద్రుడు, నెల్లూరు

జవాబు: ఇది దయ కాదు, భయం. మిగతా ఇద్దరికీ పని రాకుండా పోతోంది, రేపు ఆ పాపం కూడా నీదే. రేపటి నుంచి ‘ఎలా చేయాలో పక్కన కూర్చుని చూపిస్తాను, చేసేది మాత్రం మీరే’ అను. నిజంగా కూర్చుని చూపించు. సాయంత్రం ఆరింటికి లేచి ఇంటికి పో.

ప్రశ్న: టెక్సస్‌లో ఎంఎస్ పూర్తిచేసి, చదువయ్యాక అక్కడే పనిచేయడానికి ఇచ్చే ఓపీటీ మీద ఉన్నాను. ఉద్యోగం దొరకలేదు, 90 రోజుల లెక్క నడుస్తోంది. ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా నాన్నకు జోకులు చెప్పి, అమ్మను ఆటపట్టించి పెట్టేస్తాను. వాళ్ళు టెన్షన్ పడకూడదని. మంచిపనే కదా?
– పేరు వద్దు, ఖమ్మం

జవాబు: ఇన్నేళ్ళు జనం మాటలు కలిపినదాన్ని బాబూ, ఫోన్లో నవ్వితే ఆ నవ్వు ఎక్కడి నుంచి వస్తోందో తెలుస్తుంది. మీ నాన్నకూ తెలుస్తూనే ఉంటుంది. నువ్వు పెట్టేశాక ‘వాడేదో దాస్తున్నాడు’ అని మీ అమ్మతో అంటూనే ఉంటాడు. నువ్వు నవ్వించి వాళ్ళ టెన్షన్ తగ్గించలేదు, టెన్షన్ పడుతున్నామని నీతో చెప్పుకునే దారి మూసేశావు.

ఈ ఆదివారం ఫోన్ చేసి లెక్క చెప్పు. పని లేకుండా మొత్తం 90 రోజులే ఉండనిస్తారని, అందులో ఇన్ని అయ్యాయని, ఇన్ని మిగిలాయని. ఎన్ని చోట్ల అప్లై చేశావు, ఎక్కడ ఏ రౌండు దాకా వచ్చావు. చదువు కోసం అప్పు చేసి ఉంటే వాయిదా ఎప్పటి నుంచి మొదలవుతుందో నాన్ననే అడుగు, ఆయనకు తెలిసింది ఆయనను చెప్పనివ్వు. అన్నీ అయ్యాక కావాలంటే జోకు వేయి, అప్పుడు ముగ్గురూ నవ్వుతారు. నీ యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే అధికారి డీఎస్ఓను కూడా కలువు. మామూలు ఓపీటీలో, నీ చదువుకు సంబంధించిన పని జీతం లేకపోయినా వారానికి కనీసం 20 గంటలు చేస్తే దాన్ని పని కిందే లెక్కేస్తారు. అది నీకు వర్తిస్తుందో లేదో ఆఫీసులో అడిగి రాయించుకో. వాట్సాప్ గ్రూపు మాటలు పట్టుకుని నిర్ణయాలు తీసుకోకు.

ప్రశ్న: అమీర్‌పేటలో ముగ్గురం ఒకే పీజీ రూములో ఉండి, మైత్రివనం దగ్గర ఒకే కోర్సు నేర్చుకున్నాం. ఇద్దరికి ఉద్యోగాలొచ్చాయి, మూడోవాడికి రాలేదు. ముందు వాడే మమ్మల్ని నవ్వించేవాడు, ఇప్పుడు మేం ఎన్ని జోకులేసినా నవ్వడు. ఏం చేయాలి?
– ఇద్దరు మిత్రులు

జవాబు: ముందు ఆ జోకులు ఆపండి. దెబ్బ తగిలిన చోటే మళ్ళీ చక్కిలిగింత పెట్టినట్టుంటుంది వాడికి. ‘ఏమైందిరా ఇంటర్వ్యూ’ అన్న ప్రశ్న కూడా ఆపండి. ఏదైనా అయితే వాడే చెప్తాడు కదా.

వాడికి కావలసినవి చాలా చిన్నవి. జీతం వచ్చిన రోజు పార్టీ అంటూ బిర్యానీ బిల్లు ముగ్గురికీ సమానంగా పంచకండి. అలాగని ‘నువ్వు ఇవ్వక్కర్లేదులే’ అని నలుగురిలో అనకండి. పీజీ ఆంటీకి రూము డబ్బులు మీలో ఒకరే కట్టేసి, ‘ఉద్యోగం వచ్చాక తీసుకుంటాను, నోటుబుక్కులో రాశాను’ అనండి. నిజంగా రాయండి. లెక్క ఉంటే అది అప్పు, ఇద్దరికీ పరువు. లెక్క లేకపోతే అది దానం, దాని బరువు మొయ్యడం కష్టం. రాత్రి ఎనిమిదింటి నుంచి అరగంట మాక్ ఇంటర్వ్యూ పెట్టండి. ఒక రోజు వాడు మిమ్మల్ని ఇంటర్వ్యూ చేయాలి. అడిగే కుర్చీలో కూర్చుంటే కాళ్ళ వణుకు తగ్గుతుంది. మీ కంపెనీలో రిఫరల్ ఉంటే, ‘పంపిస్తాంరా’ అని ఊరించక, పంపించేసి చెప్పండి. మీ ఆఫీసు కష్టాలు కూడా చెప్పుకోండి వాడి దగ్గర, సలహా అడగండి. ఉద్యోగం లేనివాణ్ణి ఎవరూ ఏ సలహా అడగరు. ఎక్కువ బాధ అక్కడే.

మళ్ళీ జోకు ఎప్పుడు వేయాలంటారా? వాడు వేసినప్పుడు. ఏదో ఒక పూట ఆ ఉప్మా మీదో, ఆ ఫ్యాను చప్పుడు మీదో వాడే ఒక మాట వదులుతాడు. అప్పుడు మామూలుగా నవ్వండి, ‘హమ్మయ్య, నవ్వాడురా’ అని సంబరం చేయకండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. వాడు తిండి, నిద్ర మానేసినా, ‘నేను లేకపోతే అందరికీ సుఖం’ లాంటి మాట ఒక్కసారి అన్నా తేలిగ్గా తీసుకోవద్దు. ఒంటరిగా వదలకండి, ఇంట్లోవాళ్ళకు చెప్పండి. 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వానిదే, రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. వాడు చేయనంటే ఎలా మాట్లాడాలో అడగడానికి మీరైనా చేయొచ్చు.

ప్రశ్న: నవ్వు నాలుగు విధాల చేటు అంటుంది మా నాయనమ్మ. కొత్త ఆఫీసులో జోకులు వేయొచ్చా, వేయకూడదా?
– బీకాం పట్టభద్రురాలు, గద్వాల

జవాబు: మీ నాయనమ్మ ఇంటినిండా జనంలో పెరిగి ఉంటుంది, ఎవరి నవ్వుకు ఎవరు అలిగారో చూసి ఉంటుంది. మొదటి నెల వినడానికి పెట్టుకో. ఎవరి ఇంట్లో ఏ కష్టముందో, ఎవరికి ఎవరితో మాటల్లేవో తెలిసేదాకా నీ మీద నువ్వు వేసుకునే జోకులతో సరిపెట్టుకో, సరుకు దండిగానే ఉంటుంది. పైవాడి మీద వేస్తే ధైర్యమైనా కావాలి. టీ తెచ్చే అబ్బాయి మీద, సెక్యూరిటీ తాత మీద వేయడానికి ఏమీ అక్కర్లేదు, అందుకే వేయకు. వాట్సాప్‌లో అసలే వద్దు. నీ గొంతులో నవ్వు ఉందని ఆ అక్షరాలకు తెలియదు.

ప్రశ్న: మా డిగ్రీ కాలేజీ గ్రాడ్యుయేషన్ డేలో విద్యార్థుల తరఫున నేను మాట్లాడాలి. దయ, హాస్యం కలిసొచ్చేలా నాలుగు మాటలు రాసిస్తారా?
– ఫైనలియర్ విద్యార్థిని, కాకినాడ

జవాబు: రాసివ్వను అమ్మాయీ. నేను రాస్తే అరవై ఏళ్ళు దాటిన ఆడమనిషి మాట్లాడినట్టుంటుంది. కానీ ఏం చేయాలో చెప్తాను.

నాలుగు నిమిషాలు దాటకు. ఎందుకంటే ఆ హాల్లో వెనక వరసల్లో కూర్చున్న అమ్మానాన్నలు తెల్లవారుజామున లేచి, బస్సులు మారి వచ్చారు. మళ్ళీ బస్సు అందుకోవాలి. ప్రిన్సిపాల్‌కూ, కరస్పాండెంట్‌కూ కృతజ్ఞతలు ఎలాగూ అందరూ చెప్తారు, ఒక్క వాక్యంలో కానిచ్చేయి. మిగిలిన సమయం ఎవరికి ఇస్తావో వాళ్ళ దగ్గరికి ఈ వారమే వెళ్ళు. కెమిస్ట్రీ ల్యాబ్‌లో పగిలిన బ్యూరెట్‌లు కనబడకుండా సర్దేసిన అటెండర్, హాల్ టికెట్ మర్చిపోతే ప్రింటు తీసిచ్చిన ఆఫీసు గుమాస్తా, పరుగెత్తుకొస్తున్న పిల్లలను చూసి బస్సు నెమ్మది చేసిన డ్రైవర్. పూర్తి పేరు అడుగు. మూడేళ్ళుగా ‘అన్నా’, ‘అంకుల్’ అనే పిలిచి ఉంటారు, పేరు మీలో చాలామందికి తెలియకపోవచ్చు. స్టేజీ మీద పేరు చదవడానికి ముందే వాళ్ళను అడుగు, ఇష్టం లేదంటే చదవకు. ఒప్పుకుంటే ఆ రోజు ఆ పూట హాల్లోకి వచ్చేలా చూడు. డ్రైవర్‌కు ఆ టైములో ట్రిప్పు ఉందేమో ముందే ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో కనుక్కో.

జోకు ఒక్కటి చాలు, అది నీ మీదే ఉండాలి. ఎన్ని సబ్జెక్టులు తప్పావో చెప్పుకుంటావా, ప్రాక్టికల్స్‌లో ఏం పగలగొట్టావో చెప్పుకుంటావా, నీ ఇష్టం. లెక్చరర్లను అనుకరించడం వద్దు. వాళ్ళు వచ్చే ఏడాది అదే తరగతికి వెళ్ళి అదే గొంతుతో పాఠం చెప్పాలి. పరీక్ష తప్పిన స్నేహితుల ప్రస్తావన అస్సలు వద్దు. వాళ్ళు వచ్చి ఉంటే వెనకెక్కడో నిలబడి ఉంటారు, దిగాక నేరుగా వాళ్ళ దగ్గరికి వెళ్ళి ఫొటో దిగు.

ముందురోజు సాయంత్రం మైకు చూసుకో. స్టాండు నీ ఎత్తుకు దించడం ఎలాగో మైకు సెట్టు అబ్బాయిని అడిగి నేర్చుకో. అతని పేరు కూడా అడుగు.